చప్పట్లకు ముందు: మహిళా సంఘాల్లో పదవికి అభ్యర్థి ఎలా తేలుతుంది?

జిల్లా పేజీలో ఈ వార్త తరచూ కనిపిస్తుంది. "మహిళా సంఘం నూతన కార్యవర్గం ఏకగ్రీవం" అని శీర్షిక, కింద శాలువాలు కప్పుకున్నవాళ్ళ ఫొటో, ఆ కింద అధ్యక్షురాలి నుంచి కార్యవర్గ సభ్యుల దాకా పేర్లు. నెల్లూరైనా, కావలైనా, ఒంగోలైనా ఇంచుమించు ఇదే. అది చదివిన ఒక సభ్యురాలు, "నా దగ్గరా సభ్యత్వ రసీదు ఉంది గదా, ఎన్నిక ఎప్పుడు జరిగిందబ్బా?" అనుకుంటుంది. ఎన్నిక పద్ధతిగానే జరిగి ఉండొచ్చు, ఆమెకు కబురు అందకపోయీ ఉండొచ్చు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడమే ఇక్కడి చిక్కు.

సర్వసభ్య సమావేశం రోజున ఎత్తిన చేతులూ కొట్టిన చప్పట్లూ మనకు కనిపిస్తాయి. పదవి ఎవరికి వెళ్తుందన్నది మాత్రం అంతకు చాలా ముందే, సభ్యత్వ పుస్తకంలోనూ నామినేషన్ కాగితంలోనూ చాలావరకు తేలిపోతుంది. అందుకే ఓట్ల లెక్క కంటే ముందు ఆ రెండింటి సంగతి చూడాలి.

ముందు ఏ సంఘం గురించి మాట్లాడుతున్నాం?

మన ఊళ్ళలో "మహిళా సంఘం" అంటే మూడు నాలుగు వేర్వేరు వాటిని అంటారు. సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

మొదటిది పొదుపు సంఘం. పది నుంచి పదిహేను మంది సభ్యులు, నెలనెలా పొదుపు, బ్యాంకు అప్పు. దాని పైన గ్రామైక్య సంఘం, ఆ పైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య ఉంటాయి. మండల సమాఖ్యలు సాధారణంగా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదవుతాయి. రెండోది ట్రస్టు. దానికి ట్రస్టీలే తప్ప ఓటు వేసే సభ్యులు ఉండరు, కాబట్టి అక్కడ ఎన్నిక అనే ప్రశ్నే రాదు. మూడోది హక్కుల కోసం, చట్టాల కోసం, కూలి రేట్ల కోసం, హింసకు గురైన ఆడవాళ్ళ పక్షాన మాట్లాడే సభ్యత్వ సంఘం. ఏటా చందా కట్టి రసీదు తీసుకున్న ఆడవాళ్ళే దానికి యజమానులు. అది నమోదై ఉంటే మన రాష్ట్రంలో 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం కిందికి వస్తుంది. అంతకుముందు 1860 నాటి చట్టం కింద నమోదైన సంఘాలు కూడా ఇప్పుడు దీని కిందే నడుస్తాయి. సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు ఉండాలి. ఈ వ్యాసం ఈ మూడో రకం గురించి.

నెల్లూరు జిల్లాలో ఈ రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడానికి చరిత్ర ఉంది. 1991లో అక్షరజ్యోతి అక్షరాస్యతా తరగతులు మొదలయ్యాయి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే అదే ఊళ్ళలో పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. సారా ప్యాకెట్లు తగలబెట్టినావిడే పొదుపు పుస్తకమూ పట్టుకుంది. హక్కుల సంఘంలో చేరింది కూడా ఆమే. అందుకే పొదుపు సంఘంలో లీడర్‌ను అనుకున్నట్టే ఇక్కడా నలుగురూ కూర్చుని పేరు అనుకుంటే సరిపోతుందనే అలవాటు స్థిరపడింది. పదిహేను మందిలో ఆ పద్ధతి చక్కగా నడుస్తుంది. నాలుగు వందల మంది సభ్యులు, ఎనిమిది మండలాలు, బ్యాంకులో విరాళాల సొమ్ము ఉన్నచోట చాలదు.

సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపించడానికి ఎన్నికైన అధ్యక్షురాలంటూ ఎవరూ లేరు. ఏ ఊరి ఆడవాళ్ళు ఆ ఊళ్ళో నిలబడ్డారు. ఉద్యమానికి అది చాలింది. కానీ బ్యాంకుకు, రిజిస్ట్రారుకు, కోర్టుకు సంతకం పెట్టే మనిషి పేరు కావాలి. పదవుల గొడవ మొదలయ్యేది అక్కడే.

ఏ పదవికి ఎంత బరువు

అధ్యక్షురాలు సమావేశానికి అధ్యక్షత వహిస్తుంది. ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు ఆమెకు ఉంటుందా లేదా అన్నది సంఘం తనకు తాను రాసుకున్న నియమావళి (బైలాస్) చెప్పాలి. కార్యదర్శి నోటీసులు పంపుతుంది, మినిట్స్ (సమావేశంలో ఏం జరిగిందో చెప్పే నమోదు) రాస్తుంది, ఉత్తర ప్రత్యుత్తరాలు నడుపుతుంది. కోశాధికారి రసీదు పుస్తకాలు, నగదు పుస్తకం, ఆడిట్ చూసుకుంటుంది. చెక్కు మీద సాధారణంగా ముగ్గురిలో ఇద్దరి సంతకాలు ఉండాలని రాసుకుంటారు. పత్రికలో ఫొటో అధ్యక్షురాలిదే అయినా, సంఘం రోజువారీ నడక కార్యదర్శి చేతిలో ఉంటుంది. పోటీ గట్టిగా ఉండాల్సిన పదవి కూడా నిజానికి అదే.

హక్కుల సంఘంలో పదవికి బయట కూడా విలువ ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం ప్రతి అంతర్గత కమిటీలో మహిళల కోసం పనిచేసే సంస్థ నుంచో, ఈ విషయం తెలిసినవారి నుంచో ఒకరు బయటి సభ్యురాలిగా ఉండాలి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, కాలేజీలు, ఆసుపత్రులు ఆ సభ్యురాలి కోసం వచ్చేది ఇలాంటి సంఘాల దగ్గరికే. 2005 నాటి గృహహింస చట్టం 10వ సెక్షన్ కింద నమోదైన స్వచ్ఛంద సంఘం సేవలందించే సంస్థగా గుర్తింపు తీసుకోవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చేటప్పుడు లెటర్‌హెడ్ మీద ఎవరి పేరుందో అధికారులు చూస్తారు. కాబట్టి అభ్యర్థిని చూసేటప్పుడు "ఎంత బాగా మాట్లాడుతుంది" అన్నదానితో పాటు "బాధితురాలి వివరాలు బయటకు పొక్కకుండా ఉంచగలదా, అర్జీ నకలు ఫైల్లో దాచగలదా" అనీ చూడాలి.

ఓటరు ఎవరో తేలితేనే అభ్యర్థి ఎవరో తేలేది

అభ్యర్థి, ప్రతిపాదించేవారు, బలపరిచేవారు ముగ్గురూ ఆ రోజుకు చెల్లుబాటయ్యే సభ్యులై ఉండాలి. అంటే అంతా సభ్యత్వ పుస్తకం మీదే ఆధారపడి ఉంది.

ఒక లెక్క చూద్దాం. పుస్తకంలో 420 పేర్లు ఉన్నాయనుకుందాం. ఏడాది చందా 100 రూపాయలు. 96 మంది చందా కట్టాల్సిన గడువు దాటి మూడు నెలలు మించింది. బకాయి మూడు నెలలు మించితే ఓటు లేదన్నది 1860 చట్టం 15వ సెక్షన్‌లోని మాట. పాత నియమావళుల్లో ఇప్పటికీ ఆ వాక్యం యథాతథంగా ఉంటుంది. అలా చూస్తే ఓటర్లు 324 మంది. ఇంతలో నోటీసు రావడానికి వారం ముందు ఒకే మనిషి 6,000 రూపాయలు తెచ్చి 60 మంది కొత్త సభ్యుల పేర్లు రాయించింది. చేరి 90 రోజులు నిండితేనే ఓటు అని నియమం ఉంటే ఓటర్లు 324 దగ్గరే ఆగుతారు. ఆ నియమం లేకపోతే 384 అవుతారు. ఇలాంటి సంఘాల్లో గెలుపోటముల తేడా ముప్పై నలభై ఓట్లే ఉంటుంది. అప్పుడు ఆ 60 రసీదులే అధ్యక్షురాలిని తేలుస్తాయి.

దీని మీద రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. గడువు ఉండాలనేవాళ్ళు, ఓటు కోసం కొన్న సభ్యత్వం సంఘాన్ని ఒక కుటుంబానికో పార్టీకో అప్పగిస్తుందంటారు. గడువు వద్దనేవాళ్ళు కూలి ఆడవాళ్ళ సంగతి ఎత్తుతారు. పెన్నా డెల్టాలో నాట్లు పడినప్పుడు, ప్రకాశంలో పొగాకు గ్రేడింగ్ నడిచినప్పుడు చేతిలో డబ్బు ఆడుతుంది, అప్పుడే చందా కడతారు. క్యాలెండర్ చూసి ఏప్రిల్‌లో కట్టమంటే ఉద్యోగినులే ఓటర్లుగా మిగులుతారంటారు. ఈ రెండింటికీ మధ్య కొన్ని సంఘాలు పట్టుకున్న దారి ఇది: కొత్త సభ్యులకు 90 రోజుల గడువు పెడతారు, పాత సభ్యులు మాత్రం నామినేషన్ల ముందు రోజు దాకా బకాయి కట్టుకోవచ్చు. పాత సభ్యురాలిని ఎవరూ రాత్రికి రాత్రి తయారు చేయలేరు గనుక ఇందులో మోసానికి తావు తక్కువ.

జాబితా తయారయ్యేటప్పుడు ఎక్కువగా తప్పు దొర్లేది పేర్ల దగ్గర. రసీదు మీద సుబ్బమ్మ, ఆధార్‌లో వెంకట సుబ్బమ్మ, నామినేషన్‌లో అత్తగారింటి పేరు. పెళ్ళై కందుకూరు నుంచి కనిగిరి వెళ్ళినామె పేరు రెండు శాఖల పుస్తకాల్లోనూ ఉంటుంది. నామినేషన్ల పరిశీలన రోజున ఎదుటి పక్షం పట్టుకునేది దీన్నే. పేరుకు బదులు సభ్యత్వ నంబరును, రసీదు నంబరును ఆధారం చేసుకుంటే ఈ తగాదా చాలావరకు పోతుంది. రసీదు పుస్తకం కౌంటర్‌ఫాయిళ్ళను వరుస నంబర్లతో సరిచూడాలి. నూరు రసీదుల పుస్తకంలో 61 నుంచి 72 దాకా ఖాళీగా వదిలి 73 దగ్గర రాశారంటే, ఆ పన్నెండూ తర్వాత పాత తేదీతో నింపడానికి వదిలినవేమోనని అనుమానం వస్తుంది. ఓటర్ల జాబితా ప్రదర్శించే రోజునే వాడని రసీదుల మీద అడ్డగీత కొట్టి ఇద్దరు సంతకం పెడితే ఆ అనుమానానికి చోటుండదు.

నామినేషన్ కాగితం, తేదీలు

పోలింగ్ ఆదివారం పెట్టారనుకుని వెనక్కి లెక్కేద్దాం. 30 రోజుల ముందు నోటీసు. 25వ రోజుకు ఓటర్ల జాబితా ఆఫీసు గోడ మీద, ప్రతి శాఖలోనూ. 20వ రోజు కల్లా అభ్యంతరాలు. 19 నుంచి 15 దాకా నామినేషన్లు. 14వ రోజు పరిశీలన. 12వ రోజు సాయంత్రం 5 గంటల దాకా ఉపసంహరణ, ఆ రాత్రికే తుది జాబితా. మీ నియమావళి రోజులు వేరుగా చెప్పొచ్చు. వరుస మాత్రం మారకూడదు. ఓటర్ల జాబితా తేలకముందే నామినేషన్లు తీసుకుంటే, ఎవరు చెల్లుతారో తెలియకుండా కాగితాలు పోగేసుకున్నట్టే.

కాగితంలో పదవి పేరు, అభ్యర్థి పేరు, సభ్యత్వ నంబరు, చందా రసీదు నంబరు, ప్రతిపాదించినవారి సంతకం, బలపరిచినవారి సంతకం ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యం అభ్యర్థి సమ్మతి సంతకం. అది లేకపోవడం చాలా పెద్ద లోపం. ఇష్టం లేని మనిషి పేరు ఇచ్చేసి, ఆమె తర్వాత మొహమాటానికి ఊరుకుని, మూడేళ్ళు ఒక్క సమావేశానికీ రాకపోవడం ఎన్నో సంఘాల కథ. పార్టీలో గానీ ప్రభుత్వంలో గానీ ఏదైనా పదవి ఉంటే చెప్పే ప్రకటన, సంఘం నుంచి జీతం తీసుకుంటున్నదీ లేనిదీ చెప్పే ఒక లైను కూడా చేర్చుకోవడం మేలు.

తిరస్కరణలు ఎక్కువగా మూడు కారణాలతో వస్తాయి. ఒకే పదవికి ఇద్దరు అభ్యర్థులను ఒకే మనిషి ప్రతిపాదించడం, ప్రతిపాదించినామె చందా బకాయి ఉండటం, ఒకే అభ్యర్థి రెండు పదవులకు వేసి ఒకటి ఉపసంహరించుకోకపోవడం. రసీదు నంబరులో ఒక అంకె తప్పు పడటం లాంటి రాతపొరపాటుకు నామినేషన్ కొట్టేయడం న్యాయం కాదు. అక్కడికక్కడ దిద్దించి, దిద్దిన చోట సంతకం తీసుకోవాలి. సమ్మతి సంతకం లేకపోతే మాత్రం అది గడువు లోపలే రావాలి. ఎన్నికల అధికారిగా సంఘం బయటి మనిషిని, రిటైరైన టీచరునో లాయరునో పెట్టుకుంటారు. ఆమె ఏ అభ్యర్థికీ దగ్గరి బంధువు కాకూడదన్నది నియమావళిలో లేకపోయినా పాటించాల్సిందే.

మూడు రకాల ఏకగ్రీవం

ఏకగ్రీవం అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు నడుస్తున్నాయి.

మొదటి రకంలో నోటీసు అందరికీ వెళ్ళింది, గడువు ముగిసింది, ఒక పదవికి ఒక్క నామినేషనే వచ్చింది. ఎన్నికల అధికారి ఎన్నికైనట్టు ప్రకటిస్తుంది. ఇది పూర్తి స్థాయి ఎన్నికే. రెండో రకంలో ఇద్దరు వేశారు, పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడారు, ఒకరు ఉపసంహరించుకున్నారు. ఉపసంహరణ కాగితం ఆమె స్వయంగా ఇచ్చి ఉంటే ఇదీ చెల్లుతుంది. మూడో రకంలో నామినేషన్లే పిలవలేదు. సమావేశం చివర, భోజనాలకు లేచే ముందు, ఒకరు కాగితం చూసి పేర్లు చదివారు, చప్పట్లు కొట్టారు. నియమావళిలో నామినేషన్ పద్ధతి రాసి ఉండి ఇలా చేస్తే, ఎవరైనా కోర్టుకు వెళ్ళిన రోజున ఇది నిలవడం కష్టం.

తేడా తెలుసుకోవడానికి మినిట్స్ పుస్తకం చూస్తే చాలు. "అందిన నామినేషన్లు ఒకటి, చెల్లినవి ఒకటి" అని రాసి ఉంటే మొదటి రకం. "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు" అని మాత్రమే ఉంటే మూడో రకమేమో చూసుకోవాలి.

ఏకగ్రీవమంటే గొప్ప అనే భావన మనకు పంచాయతీల నుంచి వచ్చింది. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవాలకు రాష్ట్ర ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. మహిళా సంఘంలో అలాంటి సొమ్మేమీ లేదు. అయినా "అక్కే ఉంటే సరిపోద్ది గదా, మళ్ళీ ఎలక్షన్ ఎందుకు" అనే మాట బలంగా పనిచేస్తుంది. అనేవాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు. పోటీ పెడితే ఓడినవాళ్ళు మానేస్తారనీ, కులాల వారీగా చీలిక వస్తుందనీ, కేసుల మీద తిరగాల్సిన టైము ప్రచారానికి పోతుందనీ వాళ్ళ భయం. చిన్న ఊళ్ళో ఆ భయం నిజమే. పోటీ కావాలనేవాళ్ళ వాదన వేరు. పోటీ లేనిచోట అభ్యర్థి లెక్కలు చెప్పాల్సిన పని పడదు. "పోయినసారి తీర్మానాల్లో ఎన్ని అమలయ్యాయి" అని అడిగే సందర్భం సభ్యులకు ఎన్నికల్లోనే దొరుకుతుంది. అభ్యర్థి ఒక్కరే అయినా పోలింగ్ ముందు ఆమెను సభ్యుల ఎదుట కూర్చోబెట్టి అరగంట ప్రశ్నలకు జవాబు చెప్పించే సంఘాలు రెండు వాదనల్లోని మంచినీ అందుకున్నట్టు. నా దృష్టిలో ఇది ఏ నియమం కంటే ఎక్కువ పనికొచ్చే అలవాటు.

ప్యానెల్ పద్ధతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దిగిపోయే కమిటీ మండలాలు, కులాలు, వయసులు, వృత్తులు చూసి ఒక జాబితా తయారు చేసి మహాసభ ముందు పెడుతుంది. బహిరంగ నామినేషన్లలో పేరున్నవాళ్ళే గెలుస్తారు. దళితవాడ నుంచి, యానాది కాలనీ నుంచి, ముస్లిం కుటుంబాల నుంచి ఒక్కరూ రాకపోవచ్చు. ప్యానెల్ ఆ లోటు తీర్చగలదు. జాబితా ఎవరు రాస్తున్నారో వాళ్ళకే అధికారమంతా పోవడం దీని బలహీనత. ప్యానెల్ పక్కన విడి నామినేషన్లకూ తలుపు తెరిచి ఉందా లేదా అన్నది అసలు పరీక్ష.

ఓట్ల లెక్కలో ఎక్కడ తేడా వస్తుంది

ఒక్క పదవికి ముగ్గురు పోటీ చేశారు. చెల్లిన ఓట్లు 283. ఒకరికి 118, ఇంకొకరికి 104, మూడో ఆమెకు 61. ఎక్కువ వచ్చినవాళ్ళే గెలుపు అని ఉంటే 118 వచ్చినామె గెలిచింది, 165 మంది ఆమెకు వేయకపోయినా సరే. సగానికి మించి రావాలని నియమావళిలో ఉంటే 142 కావాలి, మొదటి ఇద్దరికీ మళ్ళీ పోలింగ్ పెట్టాలి. దూరం నుంచి వచ్చినవాళ్ళు మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతారు గనుక రెండో విడతకు ఓట్లు సగానికి పడిపోతాయి. రెండో విడత పెట్టాలనుకుంటే మొదటిది ఉదయం 11 లోపు ముగించాలి.

అసలు మెలిక కార్యవర్గ సభ్యుల దగ్గర ఉంది. 9 స్థానాలు, 200 మంది ఓటర్లు. ఒక వర్గం వైపు 110 మంది, మరో వర్గం వైపు 90 మంది. ఒక్కొక్కరికి 9 ఓట్లు ఇస్తే మొదటి వర్గం తొమ్మిదిమందికీ 110 చొప్పున, రెండో వర్గం వాళ్ళకు 90 చొప్పున పడతాయి. తొమ్మిదికి తొమ్మిదీ మొదటి వర్గానివే. 45 శాతం మందికి ఒక్క కుర్చీ కూడా దక్కదు. అదే ఒక్కొక్కరికి 5 ఓట్లే ఇస్తే? మొదటి వర్గం ఐదుగురిని పెడితే ఆ ఐదుగురికీ 110 చొప్పున, రెండో వర్గం ఐదుగురికీ 90 చొప్పున వస్తాయి. మొత్తం పదిమంది, స్థానాలు తొమ్మిది. మొదటి వర్గానికి 5, రెండో వర్గానికి 4. రెండో వర్గంలో ఎవరు ఆగాలో చీటీ తీయాలి. మొదటి వర్గం ఆశపడి ఏడుగురిని పెట్టి ఓట్లు సమంగా పంచిందంటే 550 ఓట్లు ఏడుగురికి తలా 78, 79 వస్తాయి. 90 వచ్చిన రెండో వర్గం ఐదుగురూ ముందుకెళ్తారు, మొదటి వర్గానికి నాలుగే మిగులుతాయి. ఎక్కువ మంది మద్దతున్న వర్గమే తక్కువ కుర్చీలతో మిగిలిందన్నమాట. ఎన్ని ఓట్లు ఇవ్వాలన్న చిన్న వాక్యం నియమావళిలో ఇంత పని చేస్తుంది. ఏది మంచిదన్నది సంఘాన్ని బట్టి ఉంటుంది. కార్యవర్గం ఒకే మాట మీద నడవాలంటే తొమ్మిది ఓట్ల పద్ధతి, తక్కువ మంది గొంతూ లోపల ఉండాలంటే ఐదు ఓట్ల పద్ధతి.

పెద్ద సంఘాల్లో సభ్యులు నేరుగా కాకుండా ప్రతినిధులు ఓటేస్తారు. 25 మందికి ఒక ప్రతినిధి అనుకుందాం. కావలిలో 240 మంది, కలిగిరిలో 60 మంది, ఉలవపాడు తీరంలో ఒక కొత్త మత్స్యకార శాఖలో 20 మంది సభ్యులున్నారు. మిగులు వదిలేస్తే 9, 2, సున్నా. సగం దాటిన మిగులుకు ఒకరు అంటే 10, 2, 1. మత్స్యకార శాఖకు గొంతు ఉండాలా వద్దా అన్నది మిగులును ఎలా లెక్కిస్తారన్న ఈ ఒక్క నియమం మీద ఉంది.

ఎవరు నిలబడగలుగుతారు

అర్హత ఉన్నవాళ్ళంతా నిలబడలేరు. చీమకుర్తి, టంగుటూరు వైపు కూలికి వెళ్ళే మనిషికి మధ్యాహ్నం కమిటీ మీటింగంటే ఆ రోజు కూలి పోయినట్టే. ప్రాసెసింగ్ ప్లాంటులో షిఫ్టు చేసే అమ్మాయికి ఆదివారం సెలవు ఉండకపోవచ్చు. ఉదయగిరి నుంచి నెల్లూరు వచ్చి పోవడానికి బస్సు ఖర్చు, ఒక పూట తిండి, పిల్లల్ని ఎవరికైనా అప్పగించడం. రాకపోకల ఖర్చు సంఘమే ఇస్తుందని నామినేషన్ నోటీసులోనే రాస్తే వచ్చే కాగితాలు మారతాయి. అది రాయని సంఘంలో అభ్యర్థులంతా జిల్లా కేంద్రంలో సొంతిల్లు ఉన్నవాళ్ళే కావడంలో ఆశ్చర్యం లేదు.

ఎన్నిసార్లు పోటీ చేయొచ్చన్నది ఎప్పుడూ తెగని చర్చ. వరుసగా రెండు దఫాలే అంటే కొత్తవాళ్ళు వస్తారు. పోలీసు స్టేషన్లో, కోర్టులో మాట్లాడే అనుభవం ఒక్క తీర్మానంతో బయటికి పోతుందని ఇంకొందరి బాధ. దిగిపోయిన కార్యదర్శిని ఓటు లేని సలహాదారుగా ఒక ఏడాది ఉంచుకునే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంది. పార్టీ సంగతీ అంతే. పార్టీ మనిషి వస్తే పనులు అవుతాయనేవాళ్ళూ ఉన్నారు, ఆ పార్టీ నాయకుడి మీద కేసు వచ్చిన రోజున సంఘం నోరు మూతపడుతుందనేవాళ్ళూ ఉన్నారు. హక్కుల సంఘానికి ఈ నోరు మూతపడే ప్రమాదమే పెద్దది. సంఘం నుంచి జీతం తీసుకునే కోఆర్డినేటర్ తానే ఒక పదవికి పోటీ చేయడంలో తప్పేమీ లేదు, కాకపోతే తన జీతం తీర్మానం మీద తనే సంతకం పెట్టే స్థితి రాకూడదు. గెలిస్తే ఉద్యోగం వదులుకోవాలని రాసుకుంటే సరిపోతుంది.

బ్యాలెట్ కాగితం

చేతులెత్తే పద్ధతిలో తోడికోడలు ముందు, అప్పు ఇచ్చినావిడ ముందు చెయ్యెత్తడం అంత తేలిక కాదు. రహస్య ఓటుకు ఖర్చు కూడా పెద్దగా ఉండదు. చదవలేనివాళ్ళు ఉన్నచోట పేరు పక్కన గుర్తు ఉండాలి. గుర్తులు ఒకదానికొకటి పోలిక లేకుండా చూసుకోవాలి. కుండ, బిందె పక్కపక్కన పెడితే గొడవే. గొడుగు, నిచ్చెన, చెట్టు అయితే ఎవరికైనా తెలుస్తాయి. గుర్తు కనీసం బొటనవేలంత ఉండాలి. అభ్యర్థికీ అభ్యర్థికీ మధ్య మందంగా అడ్డగీత గీయాలి. ముద్ర గీత మీద పడితే ఎవరి ఓటో తేల్చలేం. కాగితం వెనక ఎన్నికల అధికారి పొట్టి సంతకం ఉంటేనే చెల్లుతుంది. ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడవమని చెప్పాలి. అడ్డంగా ముందు మడిస్తే తడి సిరా పై అభ్యర్థి గడిలోంచి కింది అభ్యర్థి గడిలోకి అంటుకుంటుంది. అలా అంటుకున్నది తిరగబడిన అచ్చులా కనిపిస్తుంది, కాబట్టి అసలు ముద్ర ఏదో పోల్చుకోగలిగితే ఆ ఓటు చెల్లినట్టే లెక్కించాలి. ఈ సంగతి లెక్కింపుకు ముందే అభ్యర్థుల ఏజెంట్లందరికీ చెప్పి ఒప్పించకపోతే ఒక్కో కాగితం దగ్గర పది నిమిషాలు పోతాయి.

గెలిచిన తర్వాత కాగితాల పని

వార్షిక సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల లోపు కొత్త కార్యవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తులతో జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలని 2001 చట్టం 9వ సెక్షన్ చెప్తుంది. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో ఆ పని జరుగుతుంది. జాబితా తీసుకున్నంత మాత్రాన ఎన్నిక సరైనదని రిజిస్ట్రారు ఒప్పుకున్నట్టు కాదు. రెండు వర్గాలు రెండు జాబితాలు ఇస్తే ఏది అసలుదో తేల్చే పని ఆయనది కాదు. చట్టం 23వ సెక్షన్ ప్రకారం సభ్యులెవరైనా మధ్యవర్తిత్వ చట్టం కింద వెళ్ళొచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్టు మొదట అడిగేవి నోటీసు అందినట్టు రుజువు, ఓటర్ల జాబితా, మినిట్స్. వాట్సాప్ గ్రూపులో పెట్టిన నోటీసుకు నియమావళిలో చోటుందో లేదో అప్పుడు వెతుక్కోవడం కన్నా ముందే రాసుకోవడం తేలిక.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఇంకో సమస్య ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి వెళ్ళిన కందుకూరు ప్రాంతం, 2022 ఏప్రిల్ పునర్విభజనలో మళ్ళీ నెల్లూరులో కలిసింది. అప్పుడే గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. "జిల్లాలోని సభ్యులు" అని మాత్రమే రాసుకున్న నియమావళిలో కందుకూరు శాఖ ఏ జిల్లా కమిటీకి పోటీ చేయాలి? సరిహద్దు మారినప్పుడల్లా ఇదే ప్రశ్న. మండలాల పేర్లు విడిగా రాసుకుని, సర్వసభ్య సమావేశం మార్చేదాకా అవే వర్తిస్తాయని ఒక వాక్యం చేర్చుకున్న సంఘాలకు ఈ తలనొప్పి లేదు.

బ్యాంకు వాళ్ళు కొత్త తీర్మానం నకలు, దాఖలు చేసిన జాబితా నకలు, కొత్తవాళ్ళ గుర్తింపు పత్రాలు అడుగుతారు. అవి చేరేదాకా పాత సంతకాలే నడుస్తాయి. విదేశీ విరాళాల నమోదు ఉన్న సంఘమైతే 2020 సవరణ పదవిలో ఉన్నవాళ్ళందరి ఆధార్ తప్పనిసరి చేసింది, 2022లో సుప్రీంకోర్టు దానికి బదులు భారత పాస్‌పోర్టు కూడా చాలంది. కాబట్టి పేరులో తేడా ఉన్న అభ్యర్థి ముందే దిద్దించుకోవాలి.

చివరి పని అప్పగింత. నగదు పుస్తకాన్ని ఆ రోజు తేదీతో ముగించి నిల్వ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. వాడిన రసీదు పుస్తకాలు ఎన్ని, వాడనివి ఎన్ని, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా అన్నది జాబితాగా రాసి పాత కోశాధికారి, కొత్త కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. కేసుల ఫైళ్ళు ఈ జాబితాలో పేర్లతో కాకుండా నంబర్లతో ఎక్కించాలి. ఆ రెండు సంతకాలు పడేదాకా రసీదు పుస్తకాలకు జవాబుదారీ పాత కోశాధికారే.